సత్యవేణి గారి ఉప్పు

మనిషి దుఃఖాన్ని ఒంట్లోంచి లాగి ఉప్పులోకి దించగలిగిన మొట్టమొదటి మానవుడు కాకినాడ జగన్నాథపురం వాసి త్రినాథ్. ఆ ఉప్పును అతను ప్రతి శనివారం పడవ మీద స్వయంగా తీసుకెళ్ళి నడిసముద్రంలో కలిపేసేవాడు. దాంతో ఒక్క ఏడాదిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఏడుపు మూడొంతులు తగ్గిందనీ, బంగాళాఖాతం మాత్రం నాలుగంగుళాలు పెరిగిందనీ అతనే చెప్పేవాడు.

ఇందులో చిన్న చిన్న సవరణలున్నాయి. దుఃఖం ఉప్పులోకి దిగదు. త్రినాథ్‌కి పడవెక్కితే వాంతులు. యంత్రం కనిపెట్టింది అతను కాదు, వాళ్ళ బాబాయి కామేశం. జగన్నాథపురం వాసి అన్న మాటొక్కటే నిజం.

కామేశం చేపల కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరోజు ఆయన తొట్టి మధ్యలో నల్ల పలక అడ్డం పెట్టి, ఇవతలి చేపని బెదరగొట్టాడు. అవతలి చేప, ఏమీ చూడకుండానే, మూలకి పారిపోయి దాక్కుంది. ఇవతలి చేప మాత్రం క్షణంలో తేరుకుని తిండి తినడం మొదలుపెట్టింది. భయం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయిందన్నమాట. ఆ సంగతి పట్టుకుని ఆయన తొమ్మిదేళ్ళు వేలాడాడు. చివరికి రెండు కడియాలు తయారయ్యాయి. గుండెలో బరువున్న మనిషి ఒకటి తొడుక్కోవాలి, ఇంకొకరు రెండోది తొడుక్కోవాలి, మధ్యలో ఇంటర్నెట్టు ఉండాలి. మొదటి మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ మనసారా వదిలేస్తే, బరువు రెండో మనిషికి చేరుతుంది. ఎంత చేరుతోందో పక్కనున్న పెట్టె మీద ముల్లు చూపిస్తుంది.

రెండో కడియం తొడుక్కున్నది పిన్ని మంగతాయారు. ఆవిడ కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం ఇరవై రెండేళ్ళు చేసింది. కరెంటు పోయిన ప్రతిసారీ జిల్లా మొత్తం ఆవిడనే తిట్టేది. ఆవిడ అందరికీ "లైన్‌మాన్ బయల్దేరాడండీ" అని ఒకే గొంతుతో చెప్పేది. అంతకంటే అర్హత ఉన్న మనిషి దొరకదని కామేశం అన్నాడు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఆవిడకిచ్చిన ప్రశంస అదే.

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి అద్దెకి తీసుకుని, ముందు గదిలో ఆఫీసు, వెనకవైపు కాపురం పెట్టారు. ఫోన్లోకి ఒక యాప్ చేయించి "తేలిక" అని పేరు పెట్టారు. యాప్‌లో చేరినవాళ్ళకి మొదటి కడియం లాంటిదొకటి పోస్టులో పంపడం, ఫోన్లో మాట్లాడి భయం పోగొట్టడం త్రినాథ్ పని. ఇరవై నాలుగేళ్ళు నిండేవరకూ అతను ఏ ఉద్యోగంలోనూ నలభై రోజులు దాటలేదు. మొదటి కంపెనీలో మేనేజరుగారు రిటైరవుతున్నారని లేని వార్త పుట్టించి, ఆయన చేతే సన్మాన ప్రసంగం చేయించాడు.

మొదటి నెలలో పందొమ్మిది మంది వచ్చారు. వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పారు: మీ బరువు ఇక్కడ కూర్చున్న తాయారు గారి మీదికి వస్తుంది, రెండు మూడు రోజుల్లో నిద్రలో కరిగిపోతుంది, కంగారు పడక్కర్లేదు. పందొమ్మిది మందీ కంగారు పడ్డారు. అమలాపురం టీచరమ్మ, అంతవరకూ వెక్కివెక్కి ఏడుస్తున్న మనిషి, గబుక్కున కళ్ళు తుడుచుకుని, తనకసలు ఏ ఇబ్బందీ లేదనీ, తాయారు గారు భోంచేశారా లేదా అనీ అడిగింది. రామచంద్రపురం నుంచి ఒకాయన, భార్య పుట్టింటికెళ్ళి ఏడాదైనవాడు, "నాదేముందిలెండి. మీ గొంతే నీరసంగా ఉంది. మీవేవైనా ఉంటే ఇటు పంపండి, పర్లేదు" అన్నాడు. ఇంకొకావిడ తన కష్టానికి బదులు రెండు కేజీల మాగాయ పంపింది. ముల్లు ఒక్కసారి కూడా కదల్లేదు. తొమ్మిదేళ్ళ సైన్సు మొహమాటం దగ్గర ఆగిపోయింది.

ఇరవయ్యో మనిషి పిఠాపురం నుంచి. ఆవిడ కూడా "పాపం ఆవిడకెందుకండీ" అనబోతుంటే, త్రినాథ్ చాలా మామూలు గొంతుతో, "ఆవిడకి కాదండీ, ఉప్పుకి. పక్కనే పళ్ళెంలో కల్లుప్పు ఉంటుందండీ. మీది అందులోకి దిగుతుంది. శనివారం సముద్రంలో కలిపేస్తాం. తాయారు గారు ఊరికే వింటారండీ, అంతే" అన్నాడు.

పిఠాపురం ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. ఉప్పుతో దిష్టి తీయించుకోకుండా పెరిగిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. గుప్పెట్లో ఉప్పు తల చుట్టూ మూడుసార్లు తిప్పి నీళ్ళలో వేస్తే చెడంతా కరిగిపోతుందని చదువు రాకముందే అందరికీ తెలుసు. ఆవిడ "హమ్మయ్య" అని మొదలుపెట్టి గంటన్నర ఏడ్చింది. ముల్లు పైదాకా ఎగిరి గాజుకి కొట్టుకుంది.

కామేశం మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇది సైన్సు కాదన్నాడు, మంత్రగాళ్ళ పని అన్నాడు. పిన్నే తేల్చేసింది. తన కోసం మొహమాటపడి వాళ్ళు ఏడుస్తూ కూర్చోవడం ఏం న్యాయం, ఉప్పనుకుంటే వదలగలుగుతున్నారు కదా, అనుకోనీ అంది. ఆ మాటతో అబద్ధానికి కుటుంబ ఆమోదం లభించింది.

ఇక త్రినాథ్‌ని ఆపేవాడు లేడు. ఉప్పు ఫోటో తీసి పంపడం మొదలుపెట్టాడు. అత్తాకోడళ్ళ చిన్న తగాదాకి కాస్త బొగ్గు నూరి కలిపేవాడు, విడాకులకి రెండు చెంచాలు, అన్నదమ్ములు మాటలు మానేసిన కేసుకి నల్లగా. తోడికోడళ్ళిద్దరు ఒకే వారంలో చేరి, ఎవరి ఉప్పు ఎక్కువ నల్లబడిందని పోట్లాడుకుని, ఆ పోట్లాటకి మళ్ళీ చెరొక అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఇది త్రినాథ్ జీవితంలో అత్యంత సంతృప్తికరమైన రోజు.

కామేశం మాత్రం పద్ధతి తప్పలేదు. ప్రతి ఉదయం నోటు పుస్తకం తీసి, నిన్నటి బరువు ఎలా ఉందని భార్యని అడిగేవాడు. "బానే ఉంది" అనేదావిడ. ఆయన తేదీ వేసి "బానే ఉంది" అని రాసుకునేవాడు. మూడో రోజున "కరిగిపోయింది" అని ఎర్ర సిరాతో రాసేవాడు. బరువు ఒకసారి దిగాక ముల్లు దాన్ని చూపించలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ తెలుసుకోవడానికి పక్కనే మనిషి ఉండగా ఇంకో ముల్లు ఎందుకని ఊరుకున్నాడు.

అప్పుడొచ్చింది మండపేట నుంచి సత్యవేణి.

ఆవిడకి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. భర్త రైసు మిల్లులో గుమస్తా. మొదటిసారి ఫోన్లో ఆవిడ అన్న మాట, "నవ్వకండేం" అని. తర్వాత ఏ బాధో చెప్పకుండా పది నిమిషాలు నీళ్ళు నమిలింది. చివరికి తేలిందేంటంటే, మూడు నెలల కిందట అత్తగారు పోయారు. ఆవిడా తనూ పదకొండేళ్ళు ఒక్క పూట కూడా సవ్యంగా లేరు. ముఖ్యంగా పులుసు దగ్గర. సత్యవేణి పులుసు పొయ్యి మీద పెట్టి అటు తిరిగితే చాలు, అత్తగారు వెనకనుంచి వచ్చి ఇంకో బెల్లం ముక్క పడేసేది. ఈవిడ పట్టుకునేది. ఆవిడ నేను వెయ్యలేదనేది. రోజూ అదే.

ఇప్పుడు పులుసు తను పెట్టినట్టే ఉంటోంది, అదే బాగోలేదంది సత్యవేణి. ఏడుపొస్తోంది. ఎవరితో చెప్పినా నవ్వుతున్నారు. మొగుడైతే, ఉన్నన్నాళ్ళూ కొట్టుకు చచ్చి ఇప్పుడీ నాటకమేంటని అడిగాడు. వాళ్ళమ్మ కోసం ఏడవడానికి ఆయనకి హక్కుంది, పరామర్శకొచ్చినవాళ్ళందరూ ఆయన పక్కనే కూర్చున్నారు. తనకి హక్కు లేనట్టుంది. అందుకని ఇక మోయలేను, తీసెయ్యండి అంది.

తాయారు అంతా విని ఒకే మాట అంది. "పోట్లాడిన మనిషే గుర్తుంటుందమ్మా. వదిలెయ్."

ముల్లు పైకెళ్ళి అరగంట కిందికి దిగలేదు. ఆ రోజు ఫోటోకి త్రినాథ్ బొగ్గు కలపబోయి, ఎందుకో మనసొప్పక, తెల్లటి ఉప్పే పంపాడు. మీది చాలా మంచి రకం దుఃఖం, అందుకే నల్లబడలేదు అని కింద రాశాడు.

నాలుగో రోజు పొద్దున్న కామేశం వంటింట్లోకి కాఫీ కోసం వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చాడు. లోపల తాయారు పోట్లాడుతోంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఆవిడ ఎదురు మాట్లాడగా వినలేదు. పైగా లోపల ఇంకెవరూ లేరు.

"వెయ్యండి, వెయ్యండి. చేతికొచ్చినంత వెయ్యండి. పులుసెందుకు, పాయసం అనుకుని తాగుదాం," అంటోంది పిన్ని, పొయ్యి వైపు చూస్తూ.

త్రినాథ్‌కి ఇది పండగ. రోజూ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వినేవాడు. పిన్ని వరసగా అన్నీ దులిపేసేది: ఫ్యాను ఎవరు కట్టేశారు, నా చీర మీద మీ తువ్వాలు ఎందుకు ఆరేశారు, బెల్లం డబ్బా మూత ఎక్కడ. ఆవిడ బుగ్గలు ఎర్రగా, గొంతు ఖంగున, పదేళ్ళు చిన్నదైనట్టుండేది. కామేశం పుస్తకం పట్టుకొచ్చి ఎలా ఉందని అడిగితే, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "బానే ఉంది" అనేది. ఆయన ఎర్ర సిరాతో "కరిగిపోయింది" అని రాసుకున్నాడు.

పద్దెనిమిదో రోజున త్రినాథ్ కుర్చీ తెచ్చుకునేసరికి లోపల పోట్లాట లేదు. పిన్ని బెల్లం ముక్క చేత్తో పట్టుకుని, ఉడుకుతున్న పులుసు ముందు నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూసింది, ఎవరో వచ్చి వేస్తారేమో అన్నట్టు. కాసేపాగి మళ్ళీ చూసింది. తర్వాత గిన్నె దించేసి, గట్టు పట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. త్రినాథ్ కుర్చీ ఎత్తుకుని, కాళ్ళు నేలకి తగలకుండా నడిచినంత జాగ్రత్తగా బయటికొచ్చేశాడు.

ఆ వారమే సత్యవేణి మెసేజ్ పెట్టింది. తన ఉప్పు తనకి కావాలంది.

సముద్రంలో కలిపేశామని త్రినాథ్ రాశాడు. ఏ ఒడ్డున అని అడిగింది. ఒడ్డున కాదు, నడిసముద్రం అన్నాడు. కొంచెమైనా గిన్నెకి అంటుకుని ఉండదా అని అడిగింది. అప్పుడు ఫోన్ చేసి చెప్పుకొచ్చింది. మొదట్లో తేలిగ్గానే ఉందట. తర్వాత అత్తగారి ఫోటో చూస్తే పక్కింటివాళ్ళ ఫోటో చూసినట్టుందట. పోట్లాటలన్నీ గుర్తున్నాయట, ఒక్కొక్క మాటా, కానీ ఎవరో చెప్పిన కథలాగ గుర్తున్నాయట. ఆవిడ లేని లోటు కూడా లేదట. "ఇంట్లో మా అత్తగారు రెండోసారి పోయారండీ. ఈసారి నేనే పంపేశాను," అంది.

త్రినాథ్ తనకి అలవాటైన పనే చేశాడు. కిరాణా కొట్లో కేజీ కల్లుప్పు కొని, ఎర్రగుడ్డలో మూటగట్టి, "అతి కష్టమ్మీద వెనక్కి రాబట్టిన ఉప్పు. వారం రోజులు వంటలో వాడగలరు" అని చీటీ పెట్టి మండపేట పంపాడు.

మూట పంపిన పన్నెండో రోజు మధ్యాహ్నం సత్యవేణి ఆ మూటతో సహా ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలోకి వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. చెమటకి జాకెట్టు తడిసిపోయి ఉంది. మూట బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా అంది.

"ఇది నాది కాదు తమ్ముడూ. వారం కాదు, తొమ్మిది రోజులు పులుసులో వేశాను. ఉప్పగా ఉంది, అంతే. ఎవరిదో నాకిచ్చేశారు. నాది వెతకండి. మీరు ఉప్పు పెట్టే గది చూపించండి, నేనే వెతుక్కుంటాను."

నోటు పుస్తకంలో తల దూర్చి కూర్చున్న కామేశం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. త్రినాథ్ గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. ఉప్పు గది నేలకి అరవై అడుగుల లోతున ఉంటుందన్నాడు. తలుపుకి మూడు తాళాలున్నాయనీ, ఒకటి కలెక్టరుగారి దగ్గరుంటుందనీ చెప్పాడు. చెప్తూ చెప్తూ ఉండగా వెనకవైపు వంటింట్లోంచి గొంతు ఖంగుమంది.

"నేను అటు తిరిగానో లేదో వేసేశారు కదూ. చూశాన్లెండి. వెయ్యలేదంటే నమ్మడానికి నేనేం చిన్నపిల్లనా."

సత్యవేణి తల అటు తిప్పింది.

"రేడియో అండీ," అన్నాడు త్రినాథ్.

ఆవిడ అతన్ని వినలేదు. వంటింటి వైపు నాలుగడుగులు వేసి గుమ్మంలో ఆగిపోయింది. లోపల ఫోన్లో విన్న గొంతు మనిషి, ఎప్పుడూ చూడని మనిషి, గరిటె పట్టుకుని ఖాళీ గోడతో తన పోట్లాట పోట్లాడుతోంది. మాటలు తను చెప్పినవే. కానీ ఆ గొంతులో ఉన్న కోపం, ఆ కోపం కింద ఉన్నది, మాటలతో చెప్పింది కాదు.

"తాయారు గారూ," అంది సత్యవేణి. "అది నాదండీ."

పిన్ని తిరిగి చూసింది. గరిటె కింద పెట్టింది. అడగకుండానే ఎవరో తెలిసిపోయినట్టుంది. ముందు కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, అన్నం తిన్నావా అని అడిగింది. తర్వాతగానీ అసలు మాట ఎత్తలేదు.

కామేశం కడియాలు పట్టుకొచ్చాడు. తారుమారు చేసి తొడుక్కుంటే బరువు వెనక్కి వెళ్ళాలి. వెళ్తుందో లేదో ఆయనకి తెలీదు. దుఃఖం తిరిగివ్వమని అడిగేవాళ్ళుంటారని తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా తట్టలేదన్నాడు. సత్యవేణి ఎదురుగా పీట మీద కూర్చుంది. ఇద్దరూ కడియాలు తొడుక్కుని చేతులు చాపారు. పెట్టె మీద ముల్లు కదల్లేదు.

"నువ్వు వదలట్లేదు," అన్నాడు కామేశం భార్యతో.

"చిన్నపిల్లండీ. ఇంత బరువు మళ్ళీ దాని నెత్తిన ఎలా పెట్టను," అంది పిన్ని. "నాకు అలవాటైపోయిందిలే తల్లీ. నా దగ్గర ఉండనీ. నువ్వు హాయిగా ఇంటికెళ్ళు."

సత్యవేణి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పదకొండేళ్ళు రోజూ పోట్లాడి సంపాదించుకున్నానండీ. ఆవిడ నాకు ఇంకేం ఇవ్వలేదు. నగలు ఆడపడుచుకిచ్చారు. ఇదొక్కటే నాది. ఇచ్చెయ్యండి."

పిన్ని ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, కళ్ళు మూసుకుంది. ముల్లు ఒక్కసారి వణికి, మెల్లగా, ఒక్కొక్క గీతా దాటుతూ పైకెళ్ళింది. సత్యవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది చాలక మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఊరు వినేలా ఏడ్చింది. ఏడుస్తూనే మధ్యలో తలెత్తి, ఎవరూ లేని వైపు చూసి, "పోయేముందు ఒక్క మాటైనా చెప్పారా నాకు," అని నిలదీసింది. మళ్ళీ ఏడ్చింది. కాసేపటికి ఆవిడ మొహంలోకి రంగు వచ్చింది.

పిన్ని పొయ్యి దగ్గరికెళ్ళి పులుసు కలిపింది. గరిటె చప్పుడు తప్ప వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. నెల రోజులుగా ఆ పోట్లాటకి భయపడి బయటే కాఫీ తాగిన కామేశం, ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆ నిశ్శబ్దాన్ని వింటూ, "ఇంకేమైనా అను," అన్నాడు మెల్లగా. ఆవిడకి అనడానికి ఏమీ లేదు.

సత్యవేణి మొహం కడుక్కుని వచ్చి త్రినాథ్ ఎదురుగా నిలబడింది.

"ఉప్పు లేదు కదూ."

"లేదక్కా."

"అంతా ఆవిడ మీదే కదూ. ముందునుంచీ."

"అవునక్కా."

"ఆవిడ ఇలా అయిపోతోందని నీకు తెలుసా?"

త్రినాథ్ దగ్గర దీనికి మూడు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ నవ్వు తెప్పించేవే. వంటింటి గుమ్మంలో బాబాయి అటు తిరిగి ఉన్నాడు, లోపల పిన్ని చెయ్యి గరిటె మీద ఆగిపోయి ఉంది. అతను మూడింట్లో దేన్నీ వాడలేకపోయాడు.

"తెలుసక్కా," అన్నాడు. "బెల్లం ముక్క పట్టుకుని ఏడవడం చూశాను. చూసి, చూడనట్టు వచ్చేసి, ఆ రోజు ఇంకో పదకొండు మందికి ఉప్పు మాటే చెప్పాను. మీదొక్కటే కాదు. ఏదీ కరగలేదు బాబాయ్. చిన్న చిన్నవి కరిగాయేమో, పోయినవాళ్ళవి ఏవీ కరగలేదు. నువ్వు అడిగావు, పిన్ని మొహమాటానికి బానే ఉందంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూనే ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర నిలబడుతుంది, స్కూలు ఆటో వస్తుందని. మనింట్లో స్కూలుకెళ్ళే పిల్లలెవరున్నారు. ఆదివారం మాంసం వండితే ఒక పళ్ళెం పక్కకి తీసి మూత పెడుతుంది. ఫోన్ మోగకపోయినా పరిగెత్తుకెళ్ళి చూస్తుంది. నేను నవ్వుకున్నాను. ఎవరిది ఏదో నాకు తెలుసు, ఆ ఫోన్లన్నీ నేనే ఎత్తాను."

కామేశం తిరిగి చూశాడు. ఆయన చేతిలో నోటు పుస్తకం ఇంకా ఉంది.

"ఎంతమంది?" అన్నాడు.

"ఏడుగురు. వాళ్ళెవరూ వెనక్కి అడగలేదు గనక నేనూ చెప్పలేదు," అన్నాడు త్రినాథ్. "పేర్లు చెప్తాను. రాసుకో బాబాయ్."